ఫోన్ తీసే ముందరి గంట: పోర్న్ మానలేకపోతున్నానన్న ఓ యువకుడి కేసు

ఈ కేసు రాయడానికి అతను రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, కొన్ని మార్చాను. పాతికేళ్ళలోపు అబ్బాయిలు ఈ సమస్యతో వచ్చినప్పుడు మనం సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న "రోజుకి ఎంతసేపు చూస్తారు?" ఆ ప్రశ్న చుట్టూ వేసుకున్న ప్లాన్ ఇక్కడ పని చేయలేదు. ఎందుకు చేయలేదో వివరంగా రాయడం దీన్ని చూసే కొత్త కౌన్సెలర్లకి పనికొస్తుందనిపించింది.

నేపథ్యం

24 ఏళ్ళు. బీటెక్ అయింది, క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. రెండేళ్ళుగా నగరంలో హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్‌కి, మధ్యమధ్యలో బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాడు. తండ్రిది వ్యవసాయం. ఖర్చులన్నీ ఇంటి నుంచే. మందు, సిగరెట్ అలవాటు లేవు. ఇంతవరకు ప్రేమ వ్యవహారం గానీ లైంగిక సంబంధం గానీ లేవు.

కూర్చోగానే చెప్పిన మాట: "మేడమ్, నేను అడిక్ట్ అయిపోయాను. బ్రెయిన్ పాడైపోయింది. పెళ్ళికి పనికిరాను."

ఈ మూడూ ఒకటే ఫిర్యాదులా వినిపిస్తాయి, కానీ మూడూ మూడు సమస్యలు. మొదటిది అలవాటు గురించి. రెండోది ఫోన్‌లో పోర్న్ మానే 90 రోజుల ఛాలెంజ్ గ్రూపుల్లో చదివిన మాట. మూడోది వీర్యం పోతే ఒళ్ళు పాడవుతుందన్న పాత భయం. మూడింటికీ ఒకే మందు ఉండదు.

మా దగ్గరికి రాకముందు గోడ మీద పోస్టర్ చూసి "నరాల బలహీనత"కి పొడి కొని రెండు నెలలు వాడాడు, రూ. 6,500 అయ్యాయి. ఏం కలిపారో తెలియని పొడి కాబట్టి ముందు అది ఆపించి, సైకియాట్రిస్ట్ ద్వారా లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించాం. రిపోర్టు మామూలుగానే వచ్చింది. ఇలాంటి పొడుల గురించి అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

వచ్చినప్పటి పరిస్థితి

వారానికి నాలుగైదు రాత్రులు, ఒక్కో రాత్రి గంటన్నర నుంచి మూడు గంటలు. పడుకునేసరికి రెండున్నర, మూడు. లేచేసరికి పది. లైబ్రరీలో పొద్దున స్లాట్ పోతోంది, మాక్ టెస్టులు ఎగ్గొడుతున్నాడు. మెస్‌లో టిఫిన్ తిని నెలలైంది.

పోర్న్ చూడటం ఎంత సమస్యగా మారిందో కొలిచే పీపీసీఎస్ అనే 18 ప్రశ్నల స్కేల్ ఇచ్చాం. బెయాటా బోతె బృందం 2018లో ప్రచురించింది. స్కోరు 18 నుంచి 126 వరకు ఉంటుంది, 76 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సమస్యాత్మకం అంటారు. ఇతనికి 88 వచ్చింది. ప్రశ్నలు తెలుగులో చదివి వినిపించి తీసుకున్న స్కోరు కాబట్టి కటాఫ్‌ని తీర్పులా చూడలేదు. అతని ఇవాళ్టి స్కోరుని రేపటి స్కోరుతో పోల్చడానికే వాడాం. దిగులుని కొలిచే పీహెచ్‌క్యూ-9లో 14, ఆందోళనని కొలిచే గ్యాడ్-7లో 9, నిద్రలేమి స్కేల్ ఐఎస్ఐలో 17.

పీపీసీఎస్ మొత్తం స్కోరు ఒక్కటే చూసి పక్కన పెట్టేయడం మేం చేసిన పొరపాటు. దాని ఆరు భాగాల్లో ఒక్కోదానికి గరిష్ఠం 21. బాధ, దిగులు మరిచిపోవడానికి చూడటాన్ని కొలిచే భాగంలో ఇతనికి 20 ఉంది. ఇంకా ఇంకా ఎక్కువ కావాలనిపించే భాగంలో 9 మాత్రమే. జవాబు ఆ కాగితం మీదే ఉంది. దాన్ని ఐదు వారాల తర్వాతే చదివాం.

పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి "కొన్ని రోజులు" అని టిక్ పెట్టాడు. ఈ సమస్యతో వచ్చేవాళ్ళలో సిగ్గు చాలా లోతుగా ఉంటుంది కాబట్టి ఆ టిక్‌ని దాటి పోకూడదు. నేరుగా అడిగాం: చనిపోవాలన్న ఆలోచనా, ఉండకపోతే బాగుండన్న ఆలోచనా? ఎలా అని ఎప్పుడైనా అనుకున్నారా? ఇంతకుముందు ప్రయత్నించారా? రెండో రకం ఆలోచనే, ప్రణాళిక లేదు, ప్రయత్నం లేదు. రాత్రిపూట ఆలోచన ముదిరితే ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరి పేర్లు, ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలి మానస్ నంబరు 14416 అతని చేతే రాయించాం. ఆ లైన్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. ప్రతి సెషన్ మొదట్లో అదే ప్రశ్న మళ్ళీ అడిగాం.

ఇది జబ్బేనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 అమల్లోకి వచ్చింది 2022 జనవరి 1న. అందులో 6సీ72 కింద అదుపులో లేని లైంగిక ప్రవర్తన అనే నిర్ధారణ ఉంది. దాన్ని వ్యసనాల జాబితాలో కాకుండా ఆవేశాన్ని ఆపుకోలేని రుగ్మతల్లో పెట్టారు. ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో అదుపు తప్పి ఉండాలి, దానివల్ల తీవ్రమైన బాధో జీవితంలో నష్టమో కనిపించాలి. ఒక షరతు మాత్రం చాలామంది చదవరు: బాధ మొత్తం "ఇది తప్పు, ఇది పాపం" అన్న భావన నుంచే వస్తుంటే ఈ నిర్ధారణ ఇవ్వకూడదు.

తెలుగు ఇళ్ళలో పెరిగిన అబ్బాయికి ఈ షరతు చాలా ముఖ్యం. వారానికి ఒకసారి పది నిమిషాలు చూసి "నేను అడిక్ట్" అని ఏడ్చేవాళ్ళుంటారు. విలువలకీ చేసే పనికీ పొసగకపోవడమే ఆ బాధకి మూలం. అది నిజమైన బాధే, కానీ దానికి చికిత్స వేరు. రెంటినీ విడదీయడానికి ఇలా అడిగాం: "ఇది తప్పు కాదని, ఎవరూ ఏమీ అనుకోరని అనుకుందాం. అప్పుడు కూడా తగ్గించుకోవాలనిపిస్తుందా?" కాసేపు ఆలోచించి, "నిద్ర కోసమైనా తగ్గించాలి మేడమ్. పొద్దున్నే లేవలేకపోతున్నా" అన్నాడు. అంటే నష్టం నిజంగానే ఉంది. సిగ్గు దానిపైన ఇంకో పొర.

మిగతావీ అడిగాం. నిద్ర అక్కర్లేకుండా హుషారు పెరిగిన రోజులు, అంటే బైపోలార్ సూచనలు, లేవు. చిన్నప్పటి నుంచి ఏకాగ్రత సమస్య లేదు. చిన్నతనంలో లైంగిక వేధింపు జరిగిందా అని అడిగాం, లేదన్నాడు. పిల్లలున్న వీడియోల గురించి కూడా సూటిగా అడగాలి, అడిగాం. ఈ ప్రశ్నలకి ముందే గోప్యత ఎంతవరకో చెప్పి తీరాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 23వ సెక్షన్ గోప్యత హక్కునిస్తుంది. పిల్లల మీద నేరం జరిగినట్టు తెలిస్తే పోక్సో 19వ సెక్షన్ కింద మనం చెప్పక తప్పదు. ఇది దాచిపెట్టి సమాచారం రాబట్టడం మోసం.

కాలక్రమం గీయించాం. ఇంటర్ సెకండియర్ నుంచే చూస్తున్నాడు. కానీ ఆరేళ్ళపాటు వారానికి ఒకటి రెండు సార్లు, పావుగంట, ఇబ్బంది లేకుండా. పెరిగింది ఏడు నెలల నుంచి. కాబట్టి "ఎంత చిన్న వయసులో మొదలైంది" అన్నది ఇక్కడ పనికొచ్చే ప్రశ్న కాదు. ఏడు నెలల కిందట ఏం మారిందన్నది అడగాలి. అడిగితే "ఏం లేదు, నాదే వీక్‌నెస్" అన్నాడు. అక్కడితో వదిలేశాం. వదలకుండా ఉండాల్సింది.

మొదటి ప్లాన్, అది కూలిన తీరు

అతను 90 రోజులు పూర్తిగా మానేస్తానన్నాడు. సొంతంగా పెట్టుకున్న లక్ష్యం, ఉత్సాహంగా ఉన్నాడు, కాదంటే మొదట్లోనే నమ్మకం పోతుందని సరేనన్నాం. ఫోన్‌లో బ్లాకర్ యాప్, గోడ మీద రోజుల లెక్క, కోరిక వస్తే మనసు మళ్ళించుకోవడం.

బ్లాకర్ నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజు దాన్ని దాటడానికి వీపీఎన్ యాప్ పెట్టుకున్నాడు. తర్వాత టెలిగ్రామ్ ఛానెళ్ళు. అవి కూడా తీసేస్తే రీల్స్‌తో మొదలై గంటలో అక్కడికే చేరేది. బీటెక్ చదివిన కుర్రాడికి బ్లాకర్ ఒక పజిల్ లాంటిది. దాన్ని విప్పడమే రాత్రి పన్నెండింటికి ఒక పని అయింది. యాప్ వల్ల మొదటి పది నిమిషాల ఆలస్యం దొరుకుతుంది, అంతే. ఆ పది నిమిషాల్లో చేయడానికి ఏమీ లేకపోతే ఆలస్యం వృథా.

అసలు దెబ్బ గోడ మీద లెక్క 11కి చేరిన రోజు తగిలింది. ఇరవై నిమిషాలు చూశాడు. గోడ మీద 11 కొట్టేసి 0 రాశాడు. "ఎలాగూ పోయిందిగా" అనుకుని తెల్లారి నాలుగింటి దాకా చూశాడు. అంతకుముందు ఎప్పుడూ అంతసేపు చూడలేదు. దీన్ని మనస్తత్వవేత్తలు మార్లాట్, గోర్డన్ 1985లోనే వివరించారు: పూర్తిగా మానాలన్న నియమం ఒకసారి తప్పితే, ఆ తప్పుని మనిషి తన గుణంగా తీసుకుంటాడు, దాంతో చిన్న జారుడు పెద్ద పతనమవుతుంది. సున్నా దగ్గర మొదలయ్యే లెక్క ఆ పతనానికి మెట్లు కట్టి ఇచ్చింది. మనసు మళ్ళించుకోమన్న సలహా కూడా ఎదురుతన్నింది. ఒకదాన్ని తలుచుకోవద్దనుకుంటే అదే తలుపు తడుతుందని వెగ్నర్ 1987లో తెల్ల ఎలుగుబంటి ప్రయోగంతో చూపించిందే ఇక్కడా జరిగింది.

ఐదో వారానికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 16 అయింది. మనం ఇచ్చిన ప్లాన్‌తో మనిషి దిగజారుతున్నప్పుడు అదే ప్లాన్‌ని ఇంకా గట్టిగా చేయమనడం తప్పు. ఆపేశాం.

నాలుగు గడుల నోట్‌బుక్

లక్ష్యం ఏమీ పెట్టకుండా 14 రోజులు కేవలం రాయమన్నాం. నాలుగు గడులు: టైము, అంతకు ముందరి గంటలో జరిగింది, కోరిక పదికి ఎంత, ఎంతసేపు చూశాడు. ఏం చూశాడో రాయొద్దన్నాం. రాయమంటే సిగ్గుతో రాయడమే మానేస్తారు, పైగా అది మనకి పెద్దగా పనికిరాదు.

ఒక వరుస ఇది: "బుధ. 11.40. తొమ్మిదిన్నరకి నాన్న ఫోన్, పక్కింటి వాళ్ళబ్బాయి ఉద్యోగంలో జాయినయ్యాడంట. మెస్‌కి పోలేదు. పడుకున్నా, నిద్ర రాలేదు. కోరిక 2. చూసింది 2 గం. 10 ని."

కోరిక రెండు, చూసింది రెండు గంటలు.

14 రోజుల్లో తొమ్మిది రాత్రులు చూశాడు. అందులో ఏడు రాత్రులు కోరిక మూడో అంతకన్నా తక్కువో. అవన్నీ ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రాత్రులు, లేదా మాక్ టెస్టు మార్కులు చూసుకున్న రాత్రులు. మిగతా రెండు రాత్రులు కోరిక ఏడు, ఎనిమిది. ఆ రెండుసార్లూ ఇరవై నిమిషాల్లోపే అయిపోయింది. కోరికతో మొదలైనదానికి ముగింపు ఉంటుంది. బాధ మరిచిపోవడానికి మొదలైనదానికి ముగింపు ఉండదు, ఎందుకంటే ఫోన్ పక్కన పెట్టిన మరుక్షణం బాధ అక్కడే ఉంటుంది. గోలా బృందం 2017లో చికిత్సకి వచ్చిన మగవాళ్ళ మెదడు స్కాన్లు తీసినప్పుడు, లైంగిక బొమ్మ వస్తుందని తెలిపే సంకేతానికి ఎక్కువ స్పందన కనిపించింది, బొమ్మకి కాదు. లాగడం వేరు, నచ్చడం వేరు. నోట్‌బుక్ చూపించి ఇది చెబితే, "అవును మేడమ్, సగం సేపు చూస్తున్నట్టు కూడా ఉండదు" అన్నాడు.

మాల వేసుకున్న 41 రోజులు

ఏడు నెలల ప్రశ్న మళ్ళీ అడిగాం. ఈసారి "వీక్‌నెస్" అనకుండా వేరే మాట చెప్పాడు: కిందటి ఏడాది అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులూ ఒక్కసారి కూడా చూడలేదట. "అప్పుడు చేయగలిగినవాణ్ణి ఇప్పుడెందుకు చేయలేను? నాలో నిష్ఠ లేదు" అని దాన్నే తన మీద సాక్ష్యంగా పెట్టుకున్నాడు.

ఆ 41 రోజుల దినచర్య గంట గంటా చెప్పమన్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి చన్నీళ్ళ స్నానం. సన్నిధానంలో మరో ఎనిమిది మంది స్వాములతో నేల మీద పడక. భిక్ష అందరితో కలిసి. సాయంత్రం భజన. ఫోన్ చేతిలో ఉండే టైమే తక్కువ. ఇంటి నుంచి ఫోన్ వచ్చినా "స్వామీ" అంటూ రెండు మాటలు, మార్కుల ఊసు లేదు.

భక్తిని తక్కువ చేయాల్సిన పని లేదు, చేయలేదు. కానీ ఆ రోజుల్లో మారింది మనసొక్కటే కాదు: పడుకునే చోటు, లేచే టైము, తినే తోడు, ఇంటి ఫోన్లో మాట, నాలుగూ మారాయి. మాల తీశాక కొన్ని వారాలకి గదిలో ఉండే స్నేహితుడికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. రెండు మంచాల గదిలో ఇతనొక్కడే మిగిలాడు. అదే ఏడు నెలల కిందట.

ఆ మాట చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. స్నేహితుడికి ఉద్యోగం వస్తే ఏడుపొచ్చిందని ఎవరికి చెప్పుకోగలడు?

పని చేసినవి

కొత్త ప్లాన్‌లో పోర్న్ మానమన్న మాట లేదు. మంచం మీద వద్దు, రాత్రి పదకొండు తర్వాత వద్దు అన్న రెండు నియమాలే.

మొదట నిద్ర. డైరీ ప్రకారం సగటున నిజంగా నిద్రపోతున్నది 5 గంటల 20 నిమిషాలు. అందుకని పడక సమయం ఆరు గంటలకి కుదించాం: పన్నెండున్నర నుంచి ఆరున్నర. ఆరున్నర ఏడు రోజులూ ఒకటే, ఆదివారమైనా. పడుకున్న టైములో 85 శాతం నిద్రపడితే వారానికి 15 నిమిషాలు పెంచుతూ పోయాం. పడక సమయం ఐదు గంటల కంటే తగ్గించకూడదు, బైపోలార్ ఉన్నవాళ్ళకి ఈ పద్ధతి జాగ్రత్త.

ఫోన్ గది బయట ఉండాలంటే హాస్టల్‌లో పోతుందన్న భయం. మంచానికి దూరంగా ఉన్న ప్లగ్‌లో పెట్టమంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చుకున్నాడు. చివరికి పక్క గదిలో చదువుకునే అబ్బాయితో ఒప్పందం కుదిరింది: పదిముప్పావుకి ఒకరి ఫోన్ ఒకరి గదిలో. చదువు కోసమని మాత్రమే చెప్పాడు, అంతకన్నా చెప్పక్కర్లేదు. అలారానికి రూ. 250 పెట్టి గడియారం కొన్నాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, "అలారం కోసం ఫోన్ కావాలి" అన్న ఒక్క సాకుతో చాలా ప్లాన్లు మట్టిలో కలుస్తాయి.

ఇంటి ఫోన్ ఆపించలేదు, టైము మార్చాం. సెషన్లోనే మాట సాధన చేశాడు: "నాన్నా, రాత్రి చదువుకుంటాను. సాయంత్రం ఆరున్నరకి నేనే చేస్తా." బాధ ఆరున్నరకి కలిగితే టీ కొట్టుంది, నడక ఉంది, మనుషులున్నారు. పదింటికి కలిగితే మంచం, ఫోన్ ఉన్నాయి. రాత్రి భోజనం మెస్‌లో బల్ల దగ్గరే, గదికి ప్లేటు తెచ్చుకోకూడదు. వారానికి మూడు సాయంత్రాలు షటిల్.

కోరిక లాగినప్పుడు దాంతో పోట్లాడకుండా గమనించడం నేర్పాం. లేచి వరండాలో నిలబడి 20 నిమిషాలు, ఐదు నిమిషాలకోసారి పదికి ఎంతో రాయడం. అతని మొదటి కాగితం మీద 7, 8, 6, 4 ఉన్నాయి. రెండో అంకె పెరిగిందని చూసి భయపడ్డాడు. అది పెరిగాకే తగ్గుతుందని ముందే చెప్పి ఉంచాలి. పడుకునే ఇది చేస్తే పని చేయదు, లేవాలి.

సిగ్గు పొరకి సమాచారం కావాలి. నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యం అన్న నమ్మకం అతనిలో బలంగా ఉంది. వీర్యనష్టం భయంతో వచ్చే ఈ బాధకి ధాత్ సిండ్రోమ్ అని ఎన్.ఎన్. విగ్ 1960లో పేరు పెట్టారు. వీర్యంలో ఎక్కువ భాగం సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేట్ గ్రంథుల ద్రవమని, అది ఎప్పటికప్పుడు తయారవుతుందని, బయటికి పోయినందువల్ల నరాలకేమీ కాదని బొమ్మ గీసి చెప్పాం. ఒకసారి చెబితే సరిపోలేదు, మూడు సెషన్లు పట్టింది. పాపమా కాదా అన్నది మాత్రం అతని విశ్వాసానికే వదిలేశాం. అది తేల్చడం మన పని కాదు.

మందుల గురించి సైకియాట్రిస్ట్‌తో మాట్లాడాం. దిగులుకి ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ మందులు లైంగిక కోరికని తగ్గిస్తాయి కాబట్టి ఇవ్వొచ్చన్న ఆలోచన వస్తుంది. కానీ "పెళ్ళికి పనికిరాను" అన్న భయంతో ఉన్నవాడికి ఆ దుష్ప్రభావమే రుజువులా కనిపించే ప్రమాదముంది. నిద్ర చికిత్స నాలుగు వారాలు చూసి, అప్పటికీ స్కోరు తగ్గకపోతే, లేదా చనిపోవాలన్న ఆలోచన ఏమాత్రం పెరిగినా, మొదలుపెడదామని తేల్చుకున్నాం. నాలుగు వారాలకి పీహెచ్‌క్యూ-9 స్కోరు 8కి దిగింది, తొమ్మిదో ప్రశ్నకి సున్నా. అవసరం పడలేదు.

మధ్యలో తండ్రి ఫోన్ చేశారు: "ఫీజు నేనే కడుతున్నానమ్మా, మావాడికి ఏమైందో చెప్పండి." కొడుకు మేజర్. అతని అనుమతి లేకుండా "మా దగ్గరికి వస్తున్నాడు" అని కూడా చెప్పకూడదు. ఆయనకి మర్యాదగా అదే వివరించి, అబ్బాయిని అడిగాం. "నిద్ర గురించి, పరీక్షల ఒత్తిడి గురించి వస్తున్నాడని చెప్పండి, అంతవరకే" అని సంతకం పెట్టి ఇచ్చాడు. అంతవరకే చెప్పాం. ఆ తండ్రి ఆందోళన నిజమైనది. పక్కింటి అబ్బాయి సంగతులు ఫోన్లో చెప్పకుండా ఉంటే మంచిదని మాత్రం కొడుకు ఒప్పుదలతోనే చెప్పాం. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

మళ్ళీ జారిన వారం

కొత్త ప్లాన్ తొమ్మిదో వారంలో పరీక్ష వాయిదా పడింది. మూడు రాత్రులు వరసగా చూశాడు. కానీ ఈసారి ఎక్కువసేపు చూసింది 40 నిమిషాలు, తెల్లారి దాకా సాగలేదు. నోట్‌బుక్‌లో దాచకుండా రాశాడు, సెషన్ ముందుకి జరపమని తనే ఫోన్ చేశాడు. కూర్చుని వెనక్కి నడిచాం: వాయిదా వార్త, ఆ సాయంత్రం షటిల్‌కి వెళ్ళకపోవడం, పక్క గది అబ్బాయి ఊరెళ్ళడం, ఫోన్ గదిలోనే ఉండిపోవడం. తెగిన లింకు మూడోది. పక్క గది అబ్బాయి లేని రోజులకి ఫోన్ మెస్ కౌంటర్‌లో ఇచ్చేలా మార్చాం. గోడ మీద లెక్క లేదు కాబట్టి సున్నా చేయడానికి ఏమీ లేకపోయింది.

మొత్తం ఐదు నెలల్లో 14 సెషన్లు. చివర్లో పీపీసీఎస్ 41, పీహెచ్‌క్యూ-9 స్కోరు 5, ఐఎస్ఐ 7. పది రోజులకోసారి, పావుగంట, ఇరవై నిమిషాలు చూస్తున్నాడు. ఇంకా తగ్గించుకోవాలా, పూర్తిగా మానాలా అన్నది అతని నిర్ణయం. మూడు నెలల తర్వాత చూస్తే పీపీసీఎస్ 44, అంటే నిలిచింది. ఉద్యోగం ఇంకా రాలేదు.

ఈ కేసు తర్వాత మార్చినవి

నిమిషాల లెక్క ఇప్పుడు రెండో సెషన్‌కి పోయింది. మొదటి సెషన్లో అడిగేది "చివరిసారి చూసిన రాత్రి, ఫోన్ తీసే ముందరి గంట ఎలా గడిచింది?" అని. కోరిక అంకె, చూసిన టైము పక్కపక్కన రాయిస్తాం. రెండూ కలిసి పెరిగితే లైంగిక విషయాల మీద పని చేయాలి. కోరిక తక్కువై టైము ఎక్కువైతే ఒంటరితనం, దిగులు, నిద్ర, ఖాళీ గంటల వైపు చూడాలి. పీపీసీఎస్ మొత్తం స్కోరు రాసే గడి పక్కనే ఆరు భాగాల గడులు గీశాం.

పూర్తిగా మానతానని ఎవరైనా వస్తే కాదనం. కానీ రోజుల లెక్క వద్దంటాం, జారిన రాత్రి మిగతా గంటలు ఎలా గడపాలో మొదటి వారంలోనే కాగితం మీద రాయిస్తాం. ఇంతకుముందు ఎప్పుడైనా కొన్నాళ్ళు ఆగగలిగాడా అని అడుగుతాం. మాల, ఉపవాస దీక్ష, ఊళ్ళో ఉన్న సెలవులు, ఎన్‌సీసీ క్యాంపు, ఏదైనా సరే, ఆ రోజుల దినచర్య గంటగంటా రాయిస్తాం.

కొత్తగా వచ్చేవాళ్ళకిచ్చే ఫారంలో నివాసం గడి కింద ఒక వరుస చేర్చాం: "గత ఏడాదిలో మీ గదిలోంచి ఎవరైనా వెళ్ళిపోయారా?"